పొడుగ్గంట మీద దురాయి

ప్రధానోపాధ్యాయుడు చేసే పని ఏమిటని ఎవరైనా అడిగితే, ఇతరుల కాలానికి కాపలా కాయడమని చెబుతాను. ఎవరు ఎప్పుడు కూర్చోవాలో, ఎప్పుడు లేవాలో నిర్ణయించి, ఆ నిర్ణయాన్ని ఊరంతటి చేత మన్నింపజేయడమే ఆ ఉద్యోగం. తక్కిన పనులు సమర్థుడైన గుమాస్తా ఎవరైనా చేయగలడు. అందుచేత నేను ఏ యేట ఏ హోదాకు పోయినదీ, ఏ బదిలీకి ఎవరు కారకులైనదీ ఇక్కడ రాయను. ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్నవారికి అక్కరకు వచ్చే పాఠం నా దగ్గర ఒకటి ఉన్నది. దాన్ని నేను శిక్షణ కళాశాలలో నేర్వలేదు, సముద్రపు ఒడ్డున వల తాడు పట్టుకొని నేర్చాను. తలచుకుంటే ఈ వయసులోనూ అరచేతులు వేడెక్కుతాయి.

కోవూరు గంట

నా మొదటి పై అధికారి కోవూరు బడి ప్రధానోపాధ్యాయులు. పొగడ్తను సహించేవారు కారు గనుక పేరు రాయను. ఉదయం మొదటి గంటకు ముందే గేటు పక్కన నిలబడేవారు. ఆలస్యంగా వచ్చిన పిల్లవాణ్ణి తిట్టేవారు కారు, గేటు పైనున్న గడియారం వైపు ఒకసారి చూసేవారు. అంతే, వాడు మర్నాడు అందరికంటే ముందు వచ్చేవాడు.

ఒకనాడు తహసీల్దారు గారు వచ్చి ఆయన గదిలో కూర్చొని ఏదో విషయం విస్తరించి చెబుతున్నారు. అంతలో గంట అయింది. మా పెద్దాయనకు ఆ పీరియడులో ఇంగ్లీషు పాఠం ఉన్నది. "క్షమించండి, నా గంట అయింది" అని లేచి, సుద్దముక్క తీసుకొని తరగతికి వెళ్లిపోయారు. తహసీల్దారు గారు సగం వాక్యంతో అలాగే మిగిలిపోయారు. సాయంత్రం నేను సాహసించి, ఆయన నొచ్చుకొని ఉంటారేమోనన్నాను.

"నొచ్చుకోనీ. గంట కొట్టించేవాడు గంటకు లోబడకపోతే అది గంట కాదయ్యా, ఇనుప చప్పుడు" అన్నారు.

ఆ మాట నాకు శాసనమైంది. అయితే ఆయనలో ఒక లోపం ఉండేదని కూడా చెప్పాలి. ఆయన గేటు లోపల చక్రవర్తి, గేటు బయట ఆయనకు ఊరే లేదు. నాట్ల రోజులలో పిల్లలు ఎందుకు రావడం లేదో ఆయన ఎన్నడూ పొలానికి పోయి చూడలేదు. నేను ఆయన నుంచి క్రమశిక్షణతో పాటు ఈ లోపాన్ని కూడా మూటగట్టుకొని తూర్పుకు బయలుదేరాను.

రైలుపట్టా ముక్క

జిల్లా బోర్డులు పోయి జిల్లా పరిషత్తులు వచ్చిన రోజులవి. అల్లూరుకు తూర్పున, బకింగ్‌హాం కాలువ గట్టున ఉన్న హైస్కూలుకు నన్ను ప్రధానోపాధ్యాయుడిగా వేశారు. కాలువకు ఇవతల వరిపొలాలు, రైతుల ఇళ్లు, బడి. అవతల ఇసుక, చేపలు పట్టే పట్టపువారి పాలెం, సముద్రం. పాలెం పిల్లలు బల్లకట్టు మీద కాలువ దాటి బడికి వచ్చేవారు.

నేను చేరిన వెంటనే రెండు పనులు చేశాను. వరండా గోడ మీద "ఇచ్చట పరుగెత్తరాదు" అని పెద్ద అక్షరాలతో రాయించాను. పీలగా మోగే చేతిగంటను తీసివేసి, బిట్రగుంట నుంచి రైలుపట్టా ముక్క ఒకటి తెప్పించి వేపచెట్టుకు వేలాడదీయించాను. మర్నాడు బడి మొదలయ్యే వేళ దాన్ని ఆపకుండా, పొడుగ్గా కొట్టమని బంట్రోతును ఆదేశించాను. ఆ నాదం కాలువ దాటి వినబడింది. నా ఛాతీ ఉప్పొంగింది.

అంతలోనే డ్రిల్లు మాస్టరు మస్తాన్ సాహెబు నా వైపు పరుగెత్తుకుంటూ వచ్చారు. ఆయన ఆ పరిసరాలలోనే పుట్టి పెరిగినవారు.

"సార్, ఆపించండి సార్! పాలెమంతా ఒడ్డుకు ఉరుకుతా ఉండాది!"

ఆ తీరంలో ఇనుమును ఆపకుండా మోగిస్తే రెండే అర్థాలట. ఒడ్డు దగ్గరకు చేపల గుంపు వచ్చిందని ఒకటి, పడవ తిరగబడిందని రెండవది. ఆడవాళ్లు పొయ్యి మీద సట్లు వదిలి పరుగెత్తారు. ఎవరో తెప్పను నీళ్లలోకి తోసేశారు కూడా. మధ్యాహ్నం పాలెం పెద్దకాపు సోమయ్య నలుగురితో కలిసి నా గదికి వచ్చాడు. కాపులంటే వారి కులపెద్దలు, వారిలో పెద్ద ఇతడు. నల్లని బక్కపలుచని మనిషి, కంఠం మాత్రం కంచు.

"అయ్యవారూ, పడవ యాడ బోర్లాపడింది?"

"ఏ పడవా బోర్లాపడలేదు. బడి మొదలైంది."

"బడి మొదలైతే ఇంత గోలెందుకు సామీ? పిలకాయలు మీ కళ్ల ముందరే గదా ఉండేది!"

వాకిట్లో నిలబడిన ఒకామె అందుకున్నది. "మా అత్త పులుసుసట్టి నేలకేసి కొట్టి ఉరికింది. కొత్త సట్టి బడోళ్లే కొనియ్యాల."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నేను కొట్టించినది ప్రభుత్వ పాఠశాల గంట అని గంభీరంగా చెప్పాను. సోమయ్య తల ఊపి వెళ్లిపోయాడు. మరునాటి ఉదయం పాలెంలో చాటింపు వేశారు. బడిలో పొడుగ్గంట మోగరాదు, మోగితే ఆ రోజు పాలెం పిల్లలెవరూ కాలువ దాటరు, ఇది దురాయి.

దురాయి అన్న మాటను నేను నిఘంటువులో మాత్రమే ఎరుగుదును. రాజాజ్ఞ, నిషేధం అని అర్థం. వాడుకలో లేని పదమని మా పండితులు చెప్పేవారు. అక్కడ అది పొద్దున లేచినది మొదలు ఊరిని నడుపుతున్నది. కాపులు కూర్చొని ఒక మాట అనుకొని, దురాయి వేశామని చాటిస్తారు. కాగితం లేదు, ముద్ర లేదు. దాన్ని దాటిన మనిషిని నేను ఆ ఊళ్లో చూడలేదు. నా గది నిండా ఉత్తరువులు ఉండేవి, వాటిని పాటించిన మనిషిని కూడా చూడలేదు.

ఆ నాటి నుంచి మా బడిలో పొట్టి గంటలే మోగాయి.

నేను కోరి వేయించిన దురాయి

అప్పటికి మా బడిలో పదో తరగతి వరకే ఉండేది. ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్షకు కూర్చోవాలంటే పదకొండో తరగతి చదవాలి. అది లేకపోతే పిల్లలు కావలికో నెల్లూరుకో పోవలసిందే. రైతుల పిల్లలలో కొందరు పోయేవారు. పాలెం పిల్లలు ఎవరూ పోయేవారు కారు. పదో తరగతిలో నాగూరమ్మ అనే అమ్మాయి ఉండేది. సోమయ్యకు కూతురి కూతురు. బీజగణితం నేనే చెప్పేవాణ్ణి. నేను లెక్క నల్లబల్ల మీద వేసి వెనక్కు తిరిగేసరికి ఆమె పలక మీద జవాబు సిద్ధంగా ఉండేది. ఆ అమ్మాయిని నెల్లూరు పంపి హాస్టలులో ఉంచి చదివించమని సోమయ్యతో అన్నాను.

"నెల్లూరికి పంపేది లేదు సార్. మీ బళ్లో ఉంటే చదువుద్ది. లేకుంటే వచ్చే యేడు నించి చేపలబుట్టే" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు, అనుమానమూ లేదు.

పదకొండో తరగతి ఇవ్వాలా వద్దా అన్నది జిల్లా విద్యాధికారి స్వయంగా వచ్చి చూసి తేల్చవలసిన విషయం. ఆయన చూసేది ఒకటే, పదో తరగతి బల్లలు నిండి ఉన్నాయా లేదా. మా బల్లలు నిండేవి కావు. ఒడ్డున పెద్దవల వేసిన రోజున పాలెం పిల్లలందరూ తాడు దగ్గర ఉండేవారు. ఆ వలను పడవ మీద సముద్రంలోకి తీసుకుపోయి అర్ధచంద్రాకారంగా దింపి, రెండు కొసల తాళ్లనూ ఒడ్డు నుంచి లాగుతారు. ఎన్ని చేతులుంటే అంత మంచిది.

జరిమానా వేశాను, పనికిరాలేదు. బెత్తం తీశాను, మరీ పనికిరాలేదు. విద్యాధికారి గారు వచ్చే తేదీ తెలియగానే మస్తాన్ సాహెబును వెంటబెట్టుకొని మొదటిసారి కాలువ దాటాను. కాపులు వలల పాక ముందు కూర్చొని ఉన్నారు.

"మీరు బడి మీద దురాయి వేశారు. ఇప్పుడు బడి కోసం ఒకటి వేయండి. పిల్లలు వల తాడు ముట్టరాదు" అన్నాను.

సోమయ్య తల ఎత్తాడు. "ఎందాకా సామీ?"

మాటలను కొలిచి వాడటం నాకు అలవాటు. ఆలోచించి చెప్పాను. "జిల్లా విద్యాధికారి గారు వచ్చి వెళ్లేంత వరకు."

"ఆ దొర రాకుంటే?"

"తప్పక వస్తారు. తేదీ ఇచ్చారు."

"సరే అయ్యవారూ. మాట మీదే."

ఆ సాయంత్రం చాటింపు వినబడింది. "ఇస్కూలు దొర వచ్చి పోయిందాకా బడి పిలకాయలు వల తాడు ముట్టగూడదహో! ఇది దురాయి!" మర్నాడు పదో తరగతి నిండింది. నాకు కలిగిన ఆనందాన్ని దాచుకోవడానికి వరండా చివరి దాకా నడవవలసి వచ్చింది.

దొర రాలేదు

విద్యాధికారి గారు రాలేదు. వానలకు దారి చెడినదని, మరో తేదీ తరువాత తెలుపుతామని కబురు వచ్చింది. తరువాతి తేదీ రాలేదు. తరగతులు నిండుగా నడుస్తూనే ఉన్నాయి. ఇదే సమయంలో, తుపాను వెలిసి సముద్రం తేటపడిన ఒక ఉదయం, పాలెం వైపు నుంచి ఇనుము ఆగకుండా మోగింది. కవళ్ల చేపల గుంపు ఒడ్డుకు వచ్చింది. కాలువ గట్టు నుంచి చూస్తేనే నీళ్ల మీద నల్లని నీడ కనిపించింది, పైన పక్షులు తెల్లగా కమ్ముకున్నాయి. బడిలో ఒక్క పిల్ల కదలలేదు. వారి మెడలు మాత్రం కిటికీల వైపు సాగాయి.

సోమయ్య ఒగరుస్తూ బడికి వచ్చాడు. అతని ముఖంలో అంతటి వేగిరపాటు నేను ముందెన్నడూ చూడలేదు.

"వల దించినాం సామీ. నిండింది. లాగేదానికి చేతులు సాలవు."

"అయితే దురాయి తీసివేయండి. పిల్లలను పంపుతాను."

"దొర వచ్చి పోలా గదా! తీసేదానికి నేనెవుర్ని? మీరే గదా ఆ మాట జెప్పింది?"

"ఇప్పుడేం చేద్దాం?"

అతడు నన్ను, మస్తాన్ సాహెబును, గుమ్మం దగ్గర చేరిన ఉపాధ్యాయులను ఒక్కొక్కరినే ఎగాదిగా చూశాడు. చివరికి మెల్లగా అన్నాడు.

"అయ్యవార్ల మీద దురాయి లేదే."

మస్తాన్ సాహెబు తన చొక్కా విప్పి కుర్చీకి తగిలించారు.

నేను క్రమాన్ని వదలలేదు. పాఠం లేని ఉపాధ్యాయులు మాత్రమే రావాలని, గంట కాగానే తిరిగివచ్చి తరువాతివారిని పంపాలని వంతులు వేశాను. నాకు ఆ పీరియడు ఖాళీ. ఆ తరువాతి పీరియడులో పదో తరగతికి బీజగణితం. పంచె ఎగ్గట్టి బల్లకట్టు ఎక్కాను.

తాడు ఎలా ఉంటుందో చెబితే తెలియదు. అది తడిసి, ఇసుక పట్టి, బతికున్నదానిలా గుంజుతుంది. ముందువాడు "ఏలేలో" అంటే వెనక అందరూ "ఐలసా" అని వెనక్కు వాలాలి. నేను ఒక క్షణం ముందు వాలి పక్కామె కాలు తొక్కాను.

"ఏం అయ్యవారూ, బెత్తం పట్టినట్టు పడితే వచ్చుద్దా తాడు? ఒళ్లంతా పెట్టి లాగాల!"

"అక్కా, సార్‌ను ఏమనబాక, రేపు నీ కొడుకుని బెంచీ ఎక్కిస్తాడు" అని ఇంకొకామె.

"ఎక్కించనీ, ఈ యాల మాత్రం నా చేతిలో ఉండాడు!"

నా జీవితంలో ఎవరూ నాతో అలా మాట్లాడలేదు. కోపం రావలసింది. రాలేదు. వల నడుము నీళ్లపైకి తేలి వెండిలా కదిలినప్పుడు నా గొంతులోంచి వచ్చిన "ఐలసా" అందరి కంటే పెద్దదని మస్తాన్ సాహెబు తరువాత పదిమందికి చెప్పారు.

అప్పుడు కాలువ అవతల మా గంట మోగింది. పొట్టి గంట. నాది.

నా చేతులు వదలబోయాయి. సోమయ్య కేక వేశాడు. "వదలబాకండి సామీ! ఇప్పుడు తగ్గితే వల పగిలి అంతా పోద్ది!" తాడు వెంట ఉన్న ప్రతి ముఖమూ నా వైపు తిరిగింది. కోవూరు పెద్దాయన ముఖం కూడా నాకు కనిపించింది. నేను వదలలేదు. ఆ పీరియడు నా పదో తరగతికి ఉపాధ్యాయుడు లేడు.

విద్యాధికారి గారు వచ్చింది సరిగ్గా ఆ పీరియడులోనే.

"ఇక్కడ ప్రధానోపాధ్యాయులెవరు?"

వెనుక నుంచి ఆ ప్రశ్న వినబడింది. కోటు, బూట్లలో ఇసుక, పక్కన భుజం మీదుగా ఎర్రని డవాలా పట్టీ వేసుకున్న బంట్రోతు. నా పక్కామె చూపించింది. "అదిగో సామీ, పంచె ఎగ్గట్టుకోని చెమటలు గక్కతా ఉండే ఆ పొడుగాయనే."

నేను తాడు వదలకుండానే తల వంచి నమస్కరించాను. అన్ని నమస్కారాలలోనూ హీనమైనది అదే.

"మీ పదో తరగతిలో పాఠం జరుగుతోంది. చెబుతున్నది మీరు కాదు" అన్నారాయన.

"చిత్తం. ఎవరండీ?"

"పరికిణీ కట్టుకున్న ఒక అమ్మాయి. నల్లబల్ల దగ్గర నిలబడి సమీకరణం సాధిస్తోంది. కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు విన్నాను. ఈ సందడి అంతా ఆ కిటికీలోంచి వినబడుతోంది. బల్లలన్నీ నిండి ఉన్నాయి, ఒక్కరూ లేవలేదు. మీరెందుకు ఒడ్డుకు పోలేదని అడిగాను. 'మీరింకా పోలేదు గదా సార్' అంది. ఏమిటండీ ఇది? నేను వెళ్లిపోవాలని మీ బడి అంతా కాచుకొని ఉన్నదా?"

నేను నోరు తెరిచేలోగా సోమయ్య ముందుకు వచ్చి చేతులు జోడించాడు.

"దొరా, తమరు వచ్చినారు, సంతోషం. ఇంక దయచేసి పోండి."

పదకొండో తరగతి సముద్రంలో కలిసిపోతున్నదనుకున్నాను. తాడు పట్టుకొనే, ఊపిరి అందక ముక్కలు ముక్కలుగా, ఆయనకు దురాయి సంగతంతా చెప్పాను. ఎవరు వేయించారో, ఏ మాటలతో వేయించారో కూడా చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"దురాయా? మా తాతగారి నోట విన్నాను ఆ మాట" అన్నారు. "ఎక్కడి దాకా పోవాలయ్యా నేను?"

"కాలవ దాటితే సాలు దొరా! బిరీన!"

"మరి మీ ప్రధానోపాధ్యాయులు నాతో రావాలి గదా. ఈయన తాడు ఎవరు పడతారు?"

సోమయ్య బంట్రోతు వైపు చూశాడు. బంట్రోతు తన డవాలా వైపు చూసుకున్నాడు. విద్యాధికారి గారు తల ఊపారు. నేను వదిలిన చోట ఎర్రని డవాలా ఒకటి "ఐలసా" అని వెనక్కు వాలింది. మేము బల్లకట్టు వైపు నడుస్తుంటే సోమయ్య నా వెనుక కేక వేశాడు.

"అయ్యవారూ! ఇయ్యాలకి మీ పొడుగ్గంటే కొట్టండి!"

విద్యాధికారి గారు కాలువ దాటి, జీపు ఎక్కి కూర్చున్న తరువాత అన్నారు. "పదకొండో తరగతికి బల్లలు చేయించుకోండి. నా ఉత్తరువు వెనుక వస్తుంది. నా బంట్రోతును మాత్రం సాయంత్రం బస్సుకు పంపండి." జీపు కదిలింది. దొర వచ్చి పోయాడు.

ఈ వృత్తిలోకి వచ్చేవారికి నా సలహా ఇక్కడే చెబుతాను, దీని తరువాత చెప్పడానికి మనసు నిలవదు. ఆజ్ఞ ఇవ్వడం ఎవరికైనా చేతనవుతుంది. అది ఎప్పుడు ముగుస్తుందో, దాని మోత ఎవరి భుజాల మీద పడుతుందో చూసుకొని ఇవ్వండి. ఆ భుజాలు ఎక్కడున్నాయో గేటు దాటి పోయి చూడండి. నాకు తెలిసిన పాఠశాల నిర్వహణ అంతా ఇంతే.

రైలుపట్టా దగ్గరకు పోయి సుత్తి నేనే తీసుకున్నాను. ఆపకుండా కొట్టాను. బడి వదిలే వేళకు ఇంకా చాలా సమయమున్నది. గదులన్నీ ఒక్కసారిగా తెరుచుకున్నాయి. బల్లకట్టు కోసం ఎవరూ ఆగలేదు, పిల్లలు కాలువలోకి దూకి ఈదారు. కేకలు, నీళ్ల చప్పుడు, అవతల నుంచి "ఏలేలో".

పదో తరగతి గది ఖాళీ అయింది. నాగూరమ్మ మాత్రం నల్లబల్ల దగ్గరే ఉన్నది.

"వినబడలేదా?" అన్నాను.

"వినబడింది సార్. ఇంకో మెట్టే ఉండాది." వేసింది. గీత గీసింది. చేతుల సుద్ద దులుపుకొన్నది. "సరేనా సార్?"

చూశాను. సరిగ్గా ఉన్నది.

"సరే. వచ్చే యేడు ఇదే గదిలో దీని తరువాతి అధ్యాయం చెబుతాను" అన్నాను.

ఆమెకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. తరువాత పరికిణీ పైకి దోపుకొని వరండా వెంట పరుగు తీసింది. పరుగెత్తరాదని నేనే రాయించిన గోడ పక్కనుంచి, ఆమె వెనుకే, నేనూ పరుగెత్తాను.